తాడు చివర అప్పయ్యమ్మ

నర్సీపట్నం చేపల బజారులో అప్పయ్యమ్మ దగ్గర సరుకు కొనాలంటే కాస్త ఓపిక ఉండాలి. చేపను అమ్మే ముందు ఆవిడ దాని జాతకం చెబుతుంది. "ఇది నిన్నటి వంజరం బాబూ. పులుసుకైతే పట్టికెల్లు. ఏపుడికి వద్దు, రేపు నన్నే తిట్టుకుంతావు" అని మొహం మీదే అనేస్తుంది. కొనేవాడు ఆలోచనలో పడితే, "ఏటి ఆలోసన? బేగి తేల్చు, ఎనకాల జనం ఉన్నారు" అని కసురుతుంది. వెనకాల ఎవరూ ఉండరు. అయినా ముప్పై ఏళ్లుగా ఊళ్లో సగం వంటిళ్లు ఆవిడ మాట మీదే నడిచాయి. చేప విషయంలో అప్పయ్యమ్మ అబద్ధమాడిందని అన్నవాడు ఇంతవరకూ లేడు.

పుట్టిల్లు నక్కపల్లి అవతల, సముద్రం ఒడ్డున. తండ్రీ అన్నలూ ఒడ్డు మీద నిలబడి పెద్ద వల లాగేవాళ్లు. పెళ్లయి నర్సీపట్నం వచ్చాక సముద్రం దూరమైంది గానీ చేప దూరం కాలేదు. భర్త మన్మథరావు తెల్లారగానే వ్యానులోంచి ఐసు పెట్టెలు దింపుతాడు, ఈవిడ అమ్ముతుంది. మన్మథరావు రోజుకి పది మాటలు మించి మాట్లాడడు. ఆయన వంతు కూడా అప్పయ్యమ్మే మాట్లాడేస్తుంది కాబట్టి ఆ ఇంట్లో లోటేమీ తెలియదు. ఆయన అన్న పెదబాబు ఆ వీధికి పెద్ద. పెదబాబు భార్య సోమలమ్మ, చిన్న మరిది భార్య గంగాభవాని, మధ్యలో అప్పయ్యమ్మ. ఈ ముగ్గురు తోడికోడళ్ల బుట్టలూ బజారులో పక్కపక్కనే ఉంటాయి.

అప్పయ్యమ్మకి ఉన్నది ఒక్కటే పిచ్చి. ఊళ్లు చూడాలి. మొక్కు తీర్చుకోవడానికో, పెళ్లికో, ఆస్పత్రికో కాదు; ఉత్తినే చూడాలి. పెద్ద ఊళ్లో జనం ఎలా నడుస్తారో, ఏం తింటారో, ఎందుకు అంత హడావుడి పడతారో నిలబడి చూడాలి. ఆ పిచ్చితోనే తొంభై ఆరులో వీధిలోని ఆడవాళ్లని ఏడుగురిని కూడగట్టుకుని విశాఖపట్నం వెళ్లింది. అంతా బాగానే జరిగేది గానీ, మార్కెట్టు జనంలో గంగాభవాని తప్పిపోయింది. మిగతావాళ్లు వెతకడం మానేసి బస్టాండులో కూర్చుని గొల్లుమన్నారు. నాలుగు గంటల తరవాత పోలీసులే గంగాభవానిని జీపులో తెచ్చి దింపారు. ఆ సంగతి పెదబాబు చెవిన పడింది.

"ఆడోలు ఊరి మీదకి ఎల్లడం ఇంక సాలు" అన్నాడాయన. అంతే, ఆరేళ్లు ఎవరూ ఊరు దాటి అడుగు పెట్టలేదు.

ఆ ఆరేళ్లూ గంగాభవానికి అప్పయ్యమ్మ చేతిలో ముక్తి లేదు. టీవీలో ఏదైనా పట్నం కనిపిస్తే చాలు, "నీ మూలంగానే కదే మనం ఇక్కడ కూకున్నాం" అనేది. బేరం పోయినా అదే మాట, వాన పడినా అదే మాట. గంగాభవాని నోట్లో నాలుక లేని మనిషి. తల వంచుకుని పొలుసు గీరుకునేది.

రెండువేల రెండులో అప్పయ్యమ్మ ఇక లాభం లేదని నడుం కట్టింది. నెల రోజుల పాటు రోజూ బావగారింటికి మంచి చేప తలకాయ పంపింది. చేప తలకాయ పులుసంటే పెదబాబుకి ప్రాణం. ముప్పయ్యో రోజున ఆయన మూతి తుడుచుకుంటూ, "ఏటి కావాల నీకు?" అని అడిగాడు.

"హైదరాబాదు సూడాలి బావగారూ."

పెదబాబు లేచి వీధి అరుగు మీదకి వచ్చాడు. తరవాత వీధి వాళ్లందరూ వినేలా చెప్పాడు. "తీసుకెల్లినోల్లని తీసుకెల్లినట్టు తెచ్చి నాకు అప్పసెప్పాల. ఎవులు తప్పిపోయినా, ఎంతసేపు తప్పిపోయినా, ఈ ఈది ఆడోలకి అదే ఆకరి ఊరు. మల్లీ నన్ను అడగొద్దు."

"మాటిచ్చేను" అంది అప్పయ్యమ్మ.

మాటైతే ఇచ్చింది గానీ ఆ రోజు నుంచి కంటి మీద కునుకు లేదు. హైదరాబాదంటే విశాఖపట్నం లాంటివి ఎన్నో కలిపినంత ఊరు. ఎనిమిది మంది ఆడవాళ్లు. పుట్టింటి దారి తప్ప మరో దారి తెలియనివాళ్లు అందులో సగం మంది. ఒక్కరు తప్పిపోయినా వీళ్లకి మళ్లీ ఊరన్నది లేదు. ఆలోచించి ఆలోచించి, చివరికి తండ్రి చేసిన పనే ఆవిడకి దారి చూపించింది.

ఒడ్డు మీద వల లాగేటప్పుడు తాడు పొడవునా ఎవరి చోటు వాళ్లకుంటుంది. కెరటాల హోరులో మాట వినపడదు కాబట్టి చేతులే మాట్లాడుకోవాలి. ముందున్నవాడు తాడు ఒకసారి జాడిస్తే, చివర ఉన్నవాడు తిరిగి జాడించాలి. అంటే అందరూ ఉన్నారని లెక్క. అప్పయ్యమ్మ పన్నెండు బారల నైలాను తాడు కొని ఎనిమిది ముడులు వేసింది. ఒక్కో ముడి ఒక్కొక్కరికి. గంగాభవానిని అందరికంటే ముందు ముడి దగ్గర పెట్టింది. "నువ్వు నా కల్లెదుటే ఉండాల" అని కారణం కూడా చెప్పింది. చివరి ముడి తను పట్టుకుంది.

"ఇంటికొచ్చీదాకా ఎవులూ తాడొదల్డానికి లేదు" అని ఆజ్ఞ వేసింది.

యలమంచిలిలో రైలెక్కి మర్నాడు పొద్దున్న సికింద్రాబాదులో దిగారు. సోమలమ్మ మేనల్లుడు సోమేశ్ అక్కడొక అపార్టుమెంటుకి వాచ్‌మన్. కార్లు పెట్టుకునే చోట ఒక మూల వీళ్లకి బస ఏర్పాటు చేశాడు. డ్యూటీ వదిలి రాలేడు గనక, ఎక్కడికి ఏ నంబరు బస్సెక్కాలో కాగితం మీద పెద్ద పెద్ద అంకెలు వేసి ఇచ్చాడు.

మొదటి రోజు ట్యాంక్‌బండ్ చూశారు. అంత నీటి మధ్య నిలబడ్డ బుద్ధుణ్ణి చూసి ఎనిమిది మందీ దణ్ణం పెట్టారు. అప్పయ్యమ్మ మాత్రం నీళ్ల వైపు వంగి వాసన చూసి, "కెరటం లేదు, ఉప్పు లేదు. ఈ నీటిలో సేప బతికితే అది మొండి సేప" అని తేల్చేసింది. సాయంత్రం బిర్లా మందిరం మెట్లెక్కారు. ఆ పాలరాయి తెలుపు చూసి సోమలమ్మ, "ఇంత తెల్లగా ఉంటే కాలెలగెట్టడమే?" అని చెప్పులతో పాటు కాళ్లు కూడా కిందే వదిలేసి వచ్చేలా కనిపించింది. దిగేటప్పుడు ఊరంతా దీపాలై కనిపించింది. అందరూ మెట్ల మీదే చతికిలబడి ఆ దీపాలు చూశారు. అప్పయ్యమ్మ ఇంతసేపు మాట్లాడకుండా ఉండటం ఎవరికీ గుర్తులేదు. ఆవిడకి అప్పుడు చాలా సంతోషంగా ఉంది. చచ్చేలోగా ఇలాంటివి ఇంకో నాలుగు ఊళ్లు చూడాలనుకుంది.

రెండో రోజు చార్మినార్. బస్సు ముందే దింపేయడంతో అఫ్జల్‌గంజ్ దగ్గర పెద్ద రోడ్డు దాటాల్సి వచ్చింది. ఆటోలు, బస్సులు, తోపుడు బళ్లు. ఏ రెండింటి మధ్యా చెయ్యి పట్టే సందు లేదు. గంగాభవాని అంచున నిలబడి ముందుకొక అడుగు, వెనక్కొక అడుగు వేస్తోంది. చివర్నుంచి అప్పయ్యమ్మ, "లాగండే!" అని ఒక్క కేక పెట్టింది. సముద్రం ఒడ్డు పుట్టిళ్లలో, వల లాగేటప్పటి ఆ కేక వింటూ పెరిగిన కాళ్లు వాటంతటవే కదిలాయి. ఎనిమిది మంది ఒకే అడుగు వేస్తూ, తాడు బిగబట్టి, రోడ్డుకి అడ్డంగా సాగిపోయారు. వాహనాలన్నీ కీచుమని ఆగాయి.

ట్రాఫిక్ కానిస్టేబులు పరుగెత్తుకొచ్చాడు. "ఏ యూనియనమ్మా మీది? ధర్నాకి పర్మిషనుందా?"

"సేపల ఈది బాబూ, నర్సీపట్నం" అంది సోమలమ్మ వినయంగా.

"డిమాండేంటి?"

"సార్మినారు సూడాలి."

కానిస్టేబులు తాడు వంకా వీళ్ల మొహాల వంకా చూసి, నవ్వాపుకోలేక చెయ్యెత్తి రెండు వైపులా బళ్లు నిలిపేశాడు. వీళ్లు దర్జాగా దాటుతుంటే, రోడ్డు పక్కన ఎప్పట్నుంచో దాటలేక నిలబడ్డ ఒక బురఖా ముసలమ్మ ఇదేదో బాగుందనుకుని, చేతిలో కూరల సంచీతో అప్పయ్యమ్మ పక్కన తనూ తాడు పట్టుకుంది. అప్పయ్యమ్మకి అదీ ముచ్చటగానే అనిపించింది. "ఇంత మరేద మనూల్లో ఎవుడు సేసేడే!" అంటూ నడిచింది.

చార్మినార్ దగ్గరికి వస్తున్నకొద్దీ సందులు ఇరుకైపోయాయి. గాజుల దుకాణాలు తళతళలాడుతున్నాయి. అప్పయ్యమ్మ గాజుల కోసం ఆగలేదు. అత్తరు కోసం ఆగలేదు. ముత్యాల దుకాణం వైపు కన్నెత్తి చూడలేదు. ఆగిందల్లా ఒక పక్క సందు మొదట్లో ఉన్న చేపల బడ్డీ దగ్గర.

అక్కడ ఒక ఇల్లాలు వంజరం బేరమాడుతోంది. అమ్మేవాడు మొప్ప ఎత్తి ఎర్రగా చూపించాడు. "తాజా మాలమ్మా, పొద్దున్నే వచ్చింది" అంటున్నాడు. ఆ ఎరుపు అప్పయ్యమ్మ కంట్లో నలుసులా పడింది. చేప మొప్ప అంత ఎర్రగా ఉండదు. అలా ఉంటే ఎవరో రంగు పూసినట్టు. ఇక ఆవిడ కాళ్లు కదల్లేదు. తనేం చేస్తోందో తెలియకుండానే తాడు వదిలి, రెండంగల్లో బడ్డీ దగ్గరికి వెళ్లి, మొప్పలో వేలు పెట్టి తిప్పి తీసింది. వేలికి రంగు అంటుకుంది.

"సూడమ్మా, సూడు!" అని ఆ వేలు ఇల్లాలి ముక్కు దగ్గర పెట్టింది. "ఇది మూడ్రోజుల నాటి సేప. కల్లు లోనికెల్లిపోయేయి. పిల్లలున్న ఇంటికి ఇలాటిది పట్టికెల్తావేటి?"

"ఏందమ్మా నీ లొల్లి? నా గిరాకీ ఖరాబ్ చేస్తున్నవ్!" అని అతను కత్తి కింద పెట్టి లేచాడు.

"నీ గిరాకీ నాను పాడుసెయ్యలేదు నాయనా, రంగు పాడుసేసింది" అని ఈవిడ అందుకుంది. పావుగంట దాకా ఇద్దరూ తగ్గలేదు. జనం మూగారు. మాట మీద మాట పెట్టి, చివరి మాట తనదే అనిపించుకుని, చెమట తుడుచుకుని, అప్పయ్యమ్మ గర్వంగా వెనక్కి తిరిగింది.

తాడు లేదు. తోడికోడళ్లు లేరు. ఎటు చూసినా తెలియని తలలు.

సోమేశ్ రాసిచ్చిన కాగితం గంగాభవాని కొంగుకి ఉంది. అపార్టుమెంటు పేరు తనకి తెలియదు, తెలిసినా చదవలేదు. సందు చివరి దాకా పరుగెత్తి మళ్లీ భయమేసి బడ్డీ దగ్గరికే వచ్చేసింది. తప్పిపోయినవాళ్లు తిరగకూడదు, ఉన్నచోటే ఉండాలి. ఈ మాట రైల్లో ఏడుగురికీ పదిసార్లు చెప్పింది తనే.

బావగారి మాట గుర్తొచ్చింది. ఎవులు తప్పిపోయినా. ఎంతసేపు తప్పిపోయినా. 'ఎవులు'లో తనూ ఉంటుందా? తీసుకెళ్లిన మనిషికి లెక్కలో మినహాయింపు ఉండదా? ఎంత తిప్పి తిప్పి చూసుకున్నా అప్పయ్యమ్మకి మినహాయింపు దొరకలేదు. అందరి ఊళ్లూ తన చేత్తోనే మూసేసింది. ఆ దుఃఖంలో ఇంకొకటి వచ్చి కలిసింది. విశాఖపట్నంలో గంగాభవానికీ ఇలాగే ఉండి ఉంటుంది. అప్పటికి దానికి పాతికేళ్లు కూడా లేవు. అలాంటిదాన్ని ఆరేళ్లు మాటలతో పొడిచానే అనుకునేసరికి కళ్లలో నీళ్లు తిరిగాయి. తన మీద తనకి అంత అసహ్యం ఎప్పుడూ వేయలేదు.

చేపలవాడు చూస్తూనే ఉన్నాడు. ఇంతసేపూ పులిలా కొట్లాడిన మనిషి ఏడుస్తుంటే అతనికి పాలుపోలేదు. ఒక ముక్కాలి పీట జరిపి, టీ తెప్పించాడు. "తప్పిపోయినవా అమ్మా? మీవాళ్లు వస్తరు, కూసో" అన్నాడు. అప్పయ్యమ్మ కూర్చుంది. టీ తాగింది. చేతులు ఖాళీగా ఉంటే ఏడుపు ఆగేలా లేదు. ఐసు కింద చెయ్యి పెట్టి చూసింది.

"అడుగున మంచియి ఉంచుకుని పైన దరిద్రాలు పెట్టేవేటి నాయనా? పాతియి పాతియని సెప్పి సగానికి అమ్ము. కొత్తయికి నీ దర నువ్వు సెప్పు" అంటూ తనే వేరు చేసి పేర్చింది.

ఈలోగా తాడు పట్టుకున్నవాళ్లకి ఏం జరిగిందో అప్పయ్యమ్మకి తరవాత గానీ తెలియలేదు. గంగాభవాని పద్ధతి ప్రకారం కాసేపటికోసారి తాడు జాడించింది. జాడించినప్పుడల్లా చివర్నుంచి జవాబు వచ్చింది. తాడు పట్టుకున్న ముసలమ్మ, ఇది వీళ్ల ఆచారమేమోననుకుని, ఎంతో శ్రద్ధగా తిరిగి జాడిస్తూ వచ్చింది. ఆవిడ ఇల్లున్న సందు ఎప్పుడో దాటిపోయినా, సరదాగా ఉందని వదల్లేదు. ముడులు ఎనిమిది, మనుషులు ఎనిమిది. చార్మినార్ కిందకి చేరి తాడు చుట్టబోతే, చివరి ముడి దగ్గర బోసినవ్వుతో ఆవిడ కనిపించింది.

సోమలమ్మ వెంటనే నేల మీద కూలబడి, "ఓలమ్మో, బావగారి తమ్ముడికి ఏటి సెప్పాల!" అని అందుకుంది. కంగారులో సొంత మొగుణ్ణే బావగారనేసింది పాపం. ఇంకో నలుగురు శ్రుతి కలపబోయారు. అప్పుడు, ఎన్నడూ గొంతెత్తని గంగాభవాని గట్టిగా అరిచింది.

"ఏడుపాపండి! అక్క గాజులకి ఆగదు, సీరలకి ఆగదు. తాడొదిలిందంటే అది సేపల కాడే."

అరచేతులు రెండూ కలిపి చేప ఈదుతున్నట్టు ముసలమ్మకి చూపించింది. "మఛ్లీ?" అంది ముసలమ్మ. వెనక్కి తిరిగి, ఈసారి తనే ముందు ముడి పట్టుకుని, ఏడుగురినీ లాక్కుంటూ బయలుదేరింది.

వాళ్లు వచ్చేసరికి అప్పయ్యమ్మ బడ్డీలో పీట మీద కూర్చుని చందువ కోస్తోంది. చుట్టూ అరడజను మంది గిరాకీలు. "ఏటి ఆలోసన? బేగి తేల్చు" అని ఎవరినో కసురుతోంది. గంగాభవానిని చూడగానే కత్తి పడేసి లేచి, చేపల చేతులతోనే దాన్ని కౌగిలించుకుని బావురుమంది. చేపలవాడు, "ఈ అమ్మను రెండ్రోజులు ఇక్కడే ఉండనియ్యండి" అని బతిమాలాడు. ముసలమ్మ ఇంటికి వెళ్లనంది. అందరూ కలిసి చార్మినార్ ఎక్కారు.

తిరుగు రైల్లో ఏడుగురూ ఒక్క మాట మీదకి వచ్చారు. ఈ సంగతి ఎవరూ నోరెత్తకూడదు. తప్పిపోయింది గంటసేపు, దొరికింది క్షేమంగా, పెదబాబుకి తెలిసే దారి లేదు. అప్పయ్యమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

నర్సీపట్నం బస్టాండులో పెదబాబూ మన్మథరావూ నిలబడి ఉన్నారు. దిగుతున్నవాళ్లని పెదబాబు వేలితో లెక్కపెట్టాడు. ఎనిమిది.

"అందరూ వచ్చేరు. ఎవులూ తప్పిపోలేదు కదా?"

ఏడుగురూ అప్పయ్యమ్మ వంక చూశారు. ఊరుకుంటే చాలు, వచ్చే ఏడు ఇంకో ఊరు. ఆవిడకి ఊళ్ల మీద ఆశ ఎంతో వాళ్లందరికీ తెలుసు.

"ఒకలు తప్పిపోయేరు బావగారూ" అంది అప్పయ్యమ్మ. "నానే. తాడొదిలీసేను. ఈ గంగని ఆరేల్లు నానా మాటలూ అన్నాను. అది జనంలో నలిగి తప్పిపోయింది. నాను నా నోటి తీటకి తప్పిపోయేను. తప్పు నాది, మీ ఇష్టం."

పెదబాబు నోరు తెరిచాడు. అంతలో గంగాభవాని ముందుకొచ్చింది.

"బావగారూ, ఆరేల్లు నాను నోరెత్తలేదు. ఇయ్యాల ఇనండి. అప్పుడు నాను తప్పిపోతే నన్నెవులూ ఎతకలేదు. కూకుని ఏడిసేరు. పోలీసోలు తెచ్చేరు. ఈపాలి మాం ఏడుసుకుంటా కూకోలేదు. ఎల్లేం, ఎతికేం, తెచ్చుకున్నాం. ఇంక మాకేటి బయం? వచ్చే ఏడు మద్రాసు. తీసుకెల్లేది నాను."

పెదబాబు తడుముకున్నాడు. "అది కాదే, అందరి ముందరా మాటనీసేను కదా, ఎవులు తప్పిపోయినా అని..."

"అన్నమాట ఇంటికెల్లి మింగుదువు గాని, ముందు ఈ సంచీ అందుకో" అంది సోమలమ్మ.

పెదబాబు సంచీ అందుకున్నాడు. ఆడవాళ్లంతా పకపకా నవ్వారు. రోజుకి పది మాటల మన్మథరావు కూడా పళ్లు కనిపించేలా నవ్వాడు. అప్పయ్యమ్మ ఒక్కతే నవ్వలేదు. మనసులో మాట అడగడానికి ఆవిడకి మొదటిసారి బెరుకు కలిగింది. దగ్గరికి వెళ్లి, ఇంకెవరికీ వినపడకుండా, "మద్రాసుకి నన్ను కూడా తీసుకెల్తావేటే?" అని అడిగింది.

గంగాభవాని ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"నువ్వు రాకపోతే ఎలగక్కా? అంత ఊల్లో మాం ఎవుల్ని ఎతుక్కోవాల?"